పొగ మానడానికి నడక చాలునా?



వ్యసనాలను లెక్కపెట్టడంలో మన పూర్వులు గట్టివారు. మనుస్మృతి ఏడవ అధ్యాయంలో రాజధర్మాలు చెబుతూ, కామం వలన పుట్టే వ్యసనాలు పది, క్రోధం వలన పుట్టేవి ఎనిమిది అని పట్టిక వేశారు. వేట, జూదం, పగటినిద్ర మొదలైన ఆ పదింటిలో చిట్టచివరిది ‘వృథాట్య’. పని లేకుండా ఊరికే తిరగడం అని దాని అర్థం. పొగాకు ఆ పట్టికలో లేదు. అమెరికా ఖండంలో పుట్టిన ఆ మొక్క పోర్చుగీసువారి వెంట మన దేశానికి చేరేనాటికి మనుస్మృతి పుట్టి వెయ్యేళ్లు దాటిపోయింది.

ఇప్పుడు వింత చూడండి. పట్టికలో లేని వ్యసనాన్ని వదిలించడానికి పట్టికలో ఉన్న వ్యసనాన్ని మందుగా వాడవచ్చునా అని వైద్యశాస్త్రజ్ఞులు పాతికేళ్లకు పైగా పరీక్షిస్తున్నారు. పని ఉన్నా లేకపోయినా లేచి కాసేపు నడవమంటున్నారు. పొగ తాగే స్త్రీల విషయంలో ఈ పరీక్షలు ప్రత్యేకంగా జరిగాయి.

‘వ్యాయామం చేస్తే సిగరెట్ మానవచ్చు’ అనే వాక్యం పత్రికల ఆరోగ్యపు పేజీలలో తరచు కనబడుతూ ఉంటుంది. ఆ వాక్యం సగమే. మిగిలిన సగం పూరించడానికే ఈ టపా. నా అభిప్రాయం ముందుగానే మనవి చేస్తాను. నడక ఒక్కటే ఎవరిచేతా పొగ మాన్పించదు. అయితే మానదలచిన స్త్రీకి మందులూ ఉపదేశాలూ ఇవ్వలేనిదాన్ని ఒకదాన్ని నడక ఇవ్వగలదు. అది ఆమెకు తనదంటూ కొంత సమయం. ఆ సమయం ఆమెకు దక్కనివ్వకుండా ‘మానెయ్, మానెయ్’ అనడం గోడకు పాఠం చెప్పడమే.

ఇందులో స్త్రీలను వేరుగా చెప్పడం ఎందుకు, ఊపిరితిత్తులకు ఆడామగా తేడా ఉందా అని ఎవరైనా అడగవచ్చు. పొగ చేసే చెరుపులో పెద్ద తేడా లేదు. కాని పొగను అమ్మినవారు మాత్రం ఆ తేడాను అందరికంటె ముందే కనిపెట్టారు. 1928లో అమెరికాలో లక్కీ స్ట్రైక్ సిగరెట్ల ప్రకటనలు మిఠాయికి బదులు సిగరెట్ అందుకోమని స్త్రీలకు బోధించాయి. లావెక్కుతామన్న భయాన్ని అమ్మకపు సరుకుగా మార్చడం అక్కడే బలపడింది. మరుసటి ఏడు, 1929లో, ఈస్టర్ పండుగనాడు న్యూయార్క్ ఫిఫ్త్ ఎవెన్యూలో కొందరు యువతులు అందరూ చూస్తుండగా సిగరెట్లు వెలిగించి నడిచారు. ఆ సిగరెట్లకు ‘స్వేచ్ఛా దీపాలు’ అన్న అర్థంలో పేరు పెట్టి ప్రచారం చేశారు. ఆ నడకను తెర వెనుక ఏర్పాటు చేసింది ప్రచారవిద్యలో ఆరితేరిన ఎడ్వర్డ్ బెర్నేస్. ఆయన పని చేసింది సిగరెట్ కంపెనీ కోసం. స్త్రీ చేత పొగ తాగించడానికి కూడా మొదట ఆమెను నడిపించారన్నమాట!

కథ అక్కడితో ఆగలేదు. 1968లో వర్జీనియా స్లిమ్స్ అనే సిగరెట్ కేవలం స్త్రీల కోసమే బజారులోకి వచ్చింది. పేరులోనే సన్నదనం ఉంది. 1970లో హ్యూస్టన్ నగరంలో తొమ్మిదిమంది స్త్రీలు, తమకు పురుషులతో పోలిస్తే అతి తక్కువ బహుమతి సొమ్ము ఇస్తున్నారని ఎదురుతిరిగి, సొంతంగా టెన్నిస్ పోటీ ఆడారు. వారిలో బిల్లీ జీన్ కింగ్ ఒకరు. ఆ పోటీకి డబ్బు పెట్టి పేరు పెట్టింది వర్జీనియా స్లిమ్స్. తరువాత చాలా ఏళ్లు స్త్రీల టెన్నిస్ పోటీలు ఆ సిగరెట్ పేరు మీదనే నడిచాయి. ఆ క్రీడాకారిణుల పోరాటం న్యాయమైనది. దానికి సొమ్ము పెట్టిన చేయి మాత్రం సిగరెట్టుది. పరుగెత్తే కాళ్లనూ ఎగిరే చేతులనూ చూపించి పొగ అమ్మినవారి కాలం అది. అదే వ్యాయామాన్ని ఇప్పుడు పొగ మాన్పడానికి తెచ్చుకుంటున్నాం.

మానాలనుకున్న స్త్రీని వెనక్కు లాగేవాటిలో శరీరపు బరువు ఒకటి. నికోటిన్ ఆకలిని అణచుతుంది, ఒంట్లో శక్తి ఖర్చును కొద్దిగా పెంచుతుంది. మానివేయగానే ఆ రెండూ తారుమారవుతాయి. మానినవారు మొదటి ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారనీ, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలలలోనే పెరుగుతుందనీ పరిశోధనలు చెబుతున్నాయి. పొగ వలన వచ్చే గుండెజబ్బు ముందు, క్యాన్సర్ ముందు ఆ నాలుగు కిలోలు ఏపాటివి? వైద్యుడి త్రాసులో అవి తూగవు. కాని అద్దం ముందు నిలబడ్డ ఆడపిల్ల త్రాసు వేరు. ఆమె నడుము కొలత చూసి మార్కులు వేసే లోకంలో ఆమె బతుకుతోంది. ఆ భయాన్ని వెర్రి అని కొట్టిపారేస్తే ఆమె మన ముందు తల ఊపి, వెనక్కు వెళ్లి మళ్లీ వెలిగిస్తుంది.

మరొక సంగతి. నికోటిన్ పురుషుల శరీరంలో కంటె స్త్రీల శరీరంలో త్వరగా విరిగిపోతుంది. గర్భిణులలో ఆ వేగం ఇంకా ఎక్కువ. నికోటిన్ పట్టీల వంటి మందులు స్త్రీలకు కొంత తక్కువగా పనిచేస్తున్నాయని కొన్ని పరిశీలనలలో తేలింది. అందుచేత మందుకు తోడుగా మరేదైనా కావాలన్న ఆలోచన సహజంగానే పుట్టింది.

ఆ ఆలోచనకు పేరు తెచ్చిన పరీక్ష అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రపు ప్రావిడెన్స్ నగరంలో జరిగింది. బెస్ మార్కస్ అనే శాస్త్రజ్ఞురాలూ ఆమె సహచరులూ 1999లో దాని ఫలితాలు ప్రకటించారు. పొగ తాగే అలవాటు ఉండి, వ్యాయామం అలవాటు లేని 281 మంది స్త్రీలను రెండు జట్లుగా చేశారు. పొగ మానడానికి మనసును సిద్ధం చేసే పన్నెండు వారాల పాఠాలు రెండు జట్లకూ ఒకటే. ఒక జట్టు దానితో పాటు వారానికి మూడుసార్లు, పర్యవేక్షణలో, చెమట పట్టేంత గట్టి వ్యాయామం చేసింది. రెండవ జట్టును ఊరికే వదలలేదు. వారికీ అంతే సమయం కేటాయించి ఆరోగ్య విషయాల మీద ఉపన్యాసాలూ చిత్రాలూ ఏర్పాటు చేశారు. ఈ జాగ్రత్త నాకు బాగా నచ్చింది. తరగతిలో ఒక పిల్లవాడిని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పి, ఇంకొకడిని పట్టించుకోకుండా వదిలేసి, మొదటివాడు పాసైతే అది నా పాఠం గొప్పా, దగ్గర కూర్చోబెట్టుకోవడం గొప్పా? రెండు జట్లకూ ఆదరణ సమానంగా ఇస్తేనే ఆ చిక్కు విడుతుంది.

ఫలితం ఇది. పన్నెండు వారాలు ముగిసేసరికి వ్యాయామం చేసిన జట్టులో నూటికి 19.4 మంది పొగ మానారు. రెండవ జట్టులో 10.2 మంది. ఏడాది తరువాత చూస్తే ఆ లెక్కలు 11.9, 5.4. బరువు సంగతీ చూశారు. మానినవారిలో వ్యాయామం చేసినవారు మూడు కిలోలు పెరిగితే, చేయనివారు అయిదు కిలోలు దాటి పెరిగారు. అంటే వ్యాయామం తోడైనప్పుడు మానినవారి సంఖ్య ఇంచుమించు రెట్టింపు అయింది. పత్రికలు పట్టుకున్నది ఆ ‘రెట్టింపు’ అన్న మాటను. నేను మాత్రం ఆ లెక్కను రెండోవైపు నుంచి కూడా చదవమంటాను. అంత శ్రద్ధగా పాఠం చెప్పి, వారానికి మూడుసార్లు వ్యాయామం చేయించినా, ఏడాది తరువాత నూటికి ఎనభై ఎనిమిది మంది పొగలోనే ఉన్నారు. నికోటిన్ పట్టు ఎంత గట్టిదో ఈ అంకె చెబుతుంది. మానలేనివారిని బలహీనులని వెక్కిరించే హక్కు మనకు లేదనీ చెబుతుంది.

ఆ తరువాతి పరీక్షలు ఇంత ఆశాజనకంగా లేవు. అదే బృందం గట్టి వ్యాయామానికి బదులు మధ్యస్థమైన వ్యాయామంతో 217 మంది స్త్రీల మీద పరీక్ష చేసి 2005లో ప్రకటించింది. ఎనిమిది వారాల చివర రెండు జట్లకూ పెద్ద తేడా కనబడలేదు. నియమం తప్పకుండా వ్యాయామానికి వచ్చినవారిలో మాత్రం మానినవారు ఎక్కువ. ఇంగ్లండులో 789 మంది గర్భిణులకు వ్యాయామం నేర్పి చేసిన పరీక్ష 2015లో వెలువడింది. వ్యాయామపు జట్టులో నూటికి 8 మంది మానితే రెండవ జట్టులో 6 మంది మానారు. ఆ తేడా కాకతాళీయం కావచ్చు. 2019లో కోక్రేన్ సంస్థ ఇటువంటి పరీక్షలు 24 కలిపి, ఏడువేలమందికి పైగా మనుషుల ఫలితాలను ఒక చోట చేర్చి చూసింది. మామూలు సహాయానికి వ్యాయామం జోడిస్తే దీర్ఘకాలంలో ఎక్కువమంది మానతారనడానికి తగిన ఆధారం లేదని తేల్చింది.

అయితే ఇంతటితో ఈ చర్చ ముగిసిందా? నేను అలా అనుకోవడం లేదు. ఎందుకంటే ఇంకొక రకం పరీక్షలు ఉన్నాయి. పొగ కావాలని ప్రాణం లాగే వేళ పది, పదిహేను నిమిషాలు చురుకుగా నడిస్తే ఆ తహతహ తగ్గుతున్నదని అనేక పరీక్షలలో మళ్లీమళ్లీ తేలింది. నడుస్తున్నంతసేపూ, నడక ముగిసిన తరువాత మరికొంతసేపూ ఆ ఉపశమనం ఉంటున్నది. ఈ రెండు రకాల ఫలితాలకూ వైరుధ్యం లేదు. నడక ఒక గడియను దాటించగలదు. ఏడాదిని దాటించాలంటే అటువంటి గడియలు వందలకొద్దీ దాటాలి, ప్రతి గడియలోనూ నడవడానికి వీలుండాలి. ఆ వీలు ఎవరికి ఉంది? స్త్రీల విషయంలో అసలు ప్రశ్న ఇదేనని నా మనవి. దీనికి జవాబు వెదకడానికి ప్రావిడెన్స్ దాకా పోనక్కరలేదు. మా ఉత్తరాంధ్రలోనే ఉంది.

మా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలలో అడ్డపొగ అన్న మాట తెలియనివారు అరుదు. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోటిలోపల ఉంచుకుని తాగడం. ఈ అలవాటు ముఖ్యంగా స్త్రీలది. తల్లి నుంచి, అత్త నుంచి, పొలంలో పక్క మనిషి నుంచి వచ్చేది. పట్నంలో ఆడపిల్ల సిగరెట్ పట్టుకుంటే కొంప మునిగిందనుకునే మన సమాజం, పల్లెలో ముసలమ్మ నోటిలో నిప్పు పెట్టుకుంటే కన్నెత్తి చూడలేదు. వైద్యులు మాత్రం చూశారు. చుట్ట నిప్పు నోటిలో పెట్టుకోవడం వలన అంగిలికి క్యాన్సర్ వస్తున్నదని 1950లలోనే కోస్తా ఆంధ్ర వైద్యులు రాశారు. డెన్మార్కుకు చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన ఫాలీ మెహతా మొదలైనవారు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించారు. అంతమందిలో నూటికి నలభైమందికి పైగా అడ్డపొగ తాగేవారే. అంగిలి మీద మచ్చలూ పుండ్లూ వారిలోనే ఎక్కువ.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బడి పక్కన నాట్లు వేసే ఆడవాళ్లలో ఒక పెద్దామె ఉండేది. వంచిన నడుము ఎత్తకుండా, మూసిన నోటిలో నిప్పుతో, రెండు చేతులా నారు నాటుతూ సాగిపోయేది. నోరు కాలదా అని ఒకనాడు అడిగాను. “నిప్పు లోపలుంటే గాలికీ వానకీ ఆరిపోదు పంతులమ్మా. సేతులు రెండూ కాళీగుంటాయి. పని ఆగదు” అంది. అంగిలి బండబారిన మనిషి చెప్పిన ఆ జవాబు నాకు ఈనాటికీ పాఠమే. ఆమె చుట్ట తాగడానికి కూడా పని ఆపలేదు. మగవాడు చుట్ట కాల్చాలంటే గట్టు మీద కూర్చుంటాడు. గిరీశం చేతిలో చుట్ట ఉంటే కబుర్లకు ఊపు వస్తుంది. ఆమెకు గట్టూ లేదు, కబుర్లూ లేవు. పనిలోనే ఆ పొగ, పొగలోనే ఆ పని.

ఇప్పుడు ఈమెకు వ్యాయామం చెయ్యమని చెబుదామా? తెల్లవారుజామున లేచి నీళ్లు మోసి, వంట చేసి, పొద్దంతా పొలంలో వంగిన మనిషికి శరీరశ్రమ కొదవా? శరీరం కదలడమే పొగకు విరుగుడైతే మా పల్లెలలో స్త్రీలెవరూ చుట్ట ముట్టకూడదు. జరిగింది దానికి విరుద్ధం. కాబట్టి శ్రమ వేరు, వ్యాయామం వేరు అని స్పష్టంగా చెప్పుకోవాలి. చరకసంహిత ఈ భేదం ఎరిగినదే. దేహానికి స్థైర్యాన్నీ బలాన్నీ కలిగించే చేష్టను వ్యాయామమని నిర్వచించి, దానిని మాత్ర ఎరిగి చేయాలని అందులో చెప్పారు. అతిగా చేస్తే రోగాలు వస్తాయని హెచ్చరించారు కూడా. మోయక తప్పని బరువు మోయడం ఆ నిర్వచనంలో ఇమడదు.

మరొక విశేషం. వ్యాయామాన్ని నిర్వచించిన ఆ సూత్రస్థానం ఏడవ అధ్యాయంలోనే, అలవాటైపోయిన అహితాన్ని ఎలా మానాలో కూడా చెప్పారు. ఒక్కసారిగా తెంచుకోకుండా, పాదం పాదంగా, అంటే నాలుగవ వంతు చొప్పున తగ్గిస్తూ, ఆ చోట హితమైనదానిని అంతంతగా నింపుతూ రమ్మన్నారు. పొగాకు ఎరుగని కాలపు మాట అది. నేటి వైద్యులు కొందరు ఒక రోజు నిర్ణయించుకుని పూర్తిగా ఆపడమే మేలంటారు. తగ్గించే పద్ధతి మీద వాదం నాకు లేదు. నేను పట్టుకున్నది రెండవ సగాన్ని. తీసేసిన చోటు ఖాళీగా ఉంచకూడదు, దానిలో మంచిది ఒకటి పెట్టాలి. చరకుడు అహితాన్ని మానడం గురించీ వ్యాయామం గురించీ ఒకే అధ్యాయంలో చెప్పడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, మనకు పనికివచ్చే యాదృచ్ఛికం.

మరి పొగ తాగే స్త్రీ జీవితంలో పొగ ఉన్న చోటు ఏది? పట్నంలో ఉద్యోగం చేసే అమ్మాయికి అది ఆఫీసు మేడ మీద అయిదు నిమిషాలు. ఫోను మోగని, పైఅధికారి పిలవని, ఇంటి సంగతి ఎవరూ అడగని అయిదు నిమిషాలు. ఆమె దృష్టిలో సిగరెట్ ఆ అయిదు నిమిషాలకు చీటీ. చీటీ చింపేసి ఆ అయిదు నిమిషాలు కూడా లాక్కుంటే ఆమె ఎన్నాళ్లు నిలబడుతుంది? నడక అక్కడ పనికివస్తుంది. అదే మేడ మెట్లు, అదే అయిదు పది నిమిషాలు, చేతిలో సిగరెట్ లేకుండా. తహతహ కూడా సాధారణంగా కొద్ది నిమిషాలలో తగ్గుముఖం పట్టేదే.

నడకకు ఇంకొక గుణం ఉంది. మన సమాజంలో దాని విలువ ఎక్కువ అనుకుంటాను. పొగ తాగే స్త్రీ తన సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. తల్లికి చెబితే ఏడుపు, అత్తకు చెబితే పంచాయితీ, పెళ్లి కాని పిల్ల అయితే సంబంధాల భయం. వైద్యుడి దగ్గరకు వెళ్లినా, “ఆడపిల్లవై ఉండి...” అన్న మాట ఎదురవుతుందేమోనన్న సంకోచం. పురుషుడు నలుగురిలో “మానేస్తున్నానురా” అని చెప్పి నలుగురి సాయం పొందగలడు. ఆమె మానడాన్ని కూడా దాచుకోవాలి. అటువంటి స్త్రీ, కారణం ఎవరికీ చెప్పకుండా, తలెత్తుకుని చేయగలిగిన చికిత్స నడక. ఉదయం చెప్పులు తొడుక్కుని బయలుదేరితే ఎందుకని ఎవరూ అడగరు. అడిగినా ఆరోగ్యం కోసమంటే అది నిజమే.

కాని నడవడానికి బయటికి రానివ్వాలి కదా! ఇక్కడ ఉపదేశకుల గొంతు తగ్గుతుంది. ఉదయం ఆరు గంటలకు మగవాడు నడకకు వెళ్లి వచ్చేసరికి కాఫీ సిద్ధంగా ఉండాలంటే ఆ వేళకు ఆమె వంటింటిలో ఉండాలి. సాయంత్రం వెళదామంటే వీధిదీపాలు వెలగవు. ఉద్యానవనంలో ఒంటరిగా నడిచే ఆడమనిషిని చూసే చూపులు వేరు. నేను పదవీ విరమణ తరువాత మా వీధిలో మరి ముగ్గురితో కలిసి బడి మైదానంలో నడుస్తున్నాను. నలుగురం కూడితేనే గాని నాకు ఆ ముప్పావుగంట నాదిగా మిగలలేదు. అరవై దాటిన నా సంగతే ఇలా ఉంటే చంటిబిడ్డల తల్లుల సంగతి చెప్పనవసరం లేదు. ప్రావిడెన్స్ పరీక్షలో స్త్రీలకు స్థలం, వేళ, చూసే మనిషి అమర్చిపెట్టారు. 2005 నాటి పరీక్షలో క్రమం తప్పకుండా వచ్చినవారే ఎక్కువ లాభపడ్డారు. క్రమం తప్పకపోవడాన్ని మనం పట్టుదల అంటాం. అందులో పట్టుదల ఎంతో, ఇంట్లో వంట ఇంకొకరు చూసుకోవడం ఎంతో విడదీసి చూడాలి.

మనిషి తోడు ఎంత పనిచేస్తుందో మా జిల్లాయే సాక్ష్యం. 1970ల చివర శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాలలో 36 వేలమంది పొగాకు వాడకందార్ల మీద ఒక ప్రయత్నం మొదలైంది. ఆరోగ్యబృందాలు ఇళ్లకు వెళ్లి, నోరు పరీక్షించి, ఎదురుగా కూర్చుని మాట్లాడి, ఏటేటా మళ్లీ వచ్చి పలకరించాయి. సినిమాలూ పత్రికలూ రేడియో కూడా తోడయ్యాయి. అయిదేళ్ల తరువాత చూస్తే మానినవారూ తగ్గించినవారూ పెరిగారు, నోటిలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పులు తగ్గాయి. 1986లో లాన్సెట్ పత్రికలో ఆ ఫలితాలు వెలువడ్డాయి. అందులో వ్యాయామం లేదు. మందూ లేదు. “నీ నోరు చూపించమ్మా” అని అడిగిన మనిషి ఉన్నాడు, వచ్చే ఏడు మళ్లీ వస్తానన్న మాట ఉంది. అడ్డపొగ తాగే స్త్రీకి కావలసినది ఆ పలకరింపు, ఆ పరీక్ష. అటువంటామెకు నడక గురించి చెప్పడం కంటె కాసేపు గట్టు మీద కూర్చోనివ్వడం మేలు.

మన దేశంలో పొగ తాగే స్త్రీలు ఎందరని, ఇంత రాద్ధాంతం దేనికని అడిగేవారు ఉంటారు. 2016–17లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం వయోజనులలో పురుషులు నూటికి 19 మంది, స్త్రీలు నూటికి ఇద్దరు పొగ తాగుతున్నారు. ఇద్దరే కదా అనిపిస్తుంది. మన జనాభాలో ఆ ఇద్దరిని గుణిస్తే ఎనభై, తొంభై లక్షలకు తగ్గరు. అడిగితే దాచుకున్నవారు ఆ లెక్కలోకి రారు. సంఖ్య తక్కువ కావడం వారి కష్టాన్ని తగ్గించదు. తోడు దొరకకుండా చేసి పెంచుతుంది.

కాబట్టి ఈ పుటను చదివే వారిలో ఎవరికైనా పనికివస్తుందేమోనని నాలుగు మాటలు. మానదలచినవారు నడకను మందుకు బదులుగా కాక మందుకు తోడుగా పెట్టుకోవాలి. కేంద్రప్రభుత్వం వారి ఉచిత సహాయ ఫోను ఉంది, నెంబరు 1800-112-356. పేరుప్రతిష్ఠల భయం ఉన్నవారికి ముఖం కనబడకుండా మాట్లాడే వెసులుబాటు అది. ప్రాణం లాగినప్పుడు పది నిమిషాలు చురుకుగా నడవండి. ఆ పది నిమిషాలు దాటితే ఆ పూటకు గెలిచినట్టే. ఒక స్నేహితురాలిని తోడు తెచ్చుకోండి. కొంత బరువు పెరిగితే కంగారుపడి మళ్లీ వెలిగించవద్దు. గర్భిణులు నడక మీద మాత్రమే భారం వేయకుండా వెంటనే వైద్యులతో మాట్లాడాలి. అడ్డపొగ అలవాటున్న పెద్దవారు ఇంట్లో ఉంటే ఏడాదికొకసారి అంగిలి చూపించండి.

ఇంట్లో మిగిలినవారికి ఒకే మాట. మీ ఇంటి ఆడపిల్లో, కోడలో, భార్యో పొగ తాగుతున్నట్టు తెలిస్తే తిట్టడానికి ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈమె రోజులో ఎవరికీ జవాబు చెప్పుకోనక్కరలేని పది నిమిషాలు ఎక్కడైనా ఉన్నాయా? లేకపోతే ముందు అవి ఇవ్వండి. కాఫీ మీరు కలపండి. ఆమెను నడవడానికి పంపండి, ఎక్కడికి అని అడక్కండి. మనువు దాన్ని వృథాట్య అన్నా సరే, నేను మాత్రం ఆ వ్యసనానికి ఓటు వేస్తాను.

వైద్యం తెలిసిన మిత్రులు, ముఖ్యంగా స్త్రీలు, ఈ విషయమై తమ అనుభవాలు పంచుకుంటే సంతోషిస్తాను. పేరు లేకుండా రాసినా సరే, గౌరవంగానే చదువుకుంటాను.

స్వస్తి.